జాయినింగ్ తేదీ ఒకటి.. మంచు తేదీ ఇంకొకటి!

పేరులో తప్ప మా పెనుగొండలో కొండ లేదు. కొండ ఉన్నది సత్యసాయి జిల్లా పెనుకొండకు. దాళ్వా కోతలు, కాలువలు కట్టేయడం.. గోదావరి జిల్లాలో మాకు వేసవంటే ఇదే. అందుకే బీటెక్ అయ్యాక హిమాలయాల్లో ట్రెక్ అనుకున్నప్పుడు, మే నెల కదా, మంచు పోయే ఉంటుందనుకున్నా.

ఆఫర్ లెటర్ చేతిలో ఉంది. జూన్ మొదట్లో జాయినింగ్ ఉండొచ్చన్నారు. దాంతో మే రెండో వారానికి టికెట్లు కొనేశా. మనాలి దగ్గరి హంప్తా పాస్. కులూ లోయ నుంచి లాహౌల్ వైపు దాటే కనుమ, ఎత్తు సుమారు 14 వేల అడుగులు. బాలూ కా ఘేరా దగ్గరే మోకాలిలోతు మంచు. గైడ్ ముందుకెళ్లి కర్రతో పొడిచి చూసి 'బస్, వాపస్' అన్నాడు. కనుమ చూడకుండానే దిగొచ్చాం. తీరా ఇంటికొచ్చాక జాయినింగ్ ఆగస్టుకు వాయిదా పడిందని మెయిల్!

చలికాలంలో పడిన మంచు ఎండ రాగానే పోదు. ఎత్తైన కనుమల్లో, ఎండ తక్కువ తగిలే ఉత్తరపు వాలుల్లో జూన్ దాకా ఉంటుంది. పైకి గట్టిగా కనిపించే మంచు కింద వాగు పారుతూ దాన్ని పల్చగా చేసేస్తుంది. కాలు పెడితే కూలొచ్చు. పొద్దున రాయిలా ఉన్న మంచు మధ్యాహ్నానికి మెత్తబడి కాళ్లు దిగబడతాయి. వాగులు పొంగేదీ అప్పుడే. కనుమ దాటేవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరేది ఇందుకే.

ఈ లెక్క అమెరికాలోని పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్‌లో ఇంకా కఠినం. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా దాదాపు 4,265 కి.మీ., సుమారు ఐదు నెలల నడక. తొందరపడితే సియెర్రా నెవాడాలో పాత మంచు, ఆలస్యమైతే చివర్లో వాషింగ్టన్ రాష్ట్రంలో కొత్త మంచు. 2023లో సియెర్రాలో మంచు విపరీతంగా పేరుకోవడంతో చాలామంది ఆ భాగాన్ని వదిలేసి ముందుకెళ్లారు.

ఇంట్లో కూర్చుని మంచు సంగతి తెలుసుకోవడమెలా? నాసా వరల్డ్‌వ్యూలో రోజువారీ ఉపగ్రహ చిత్రాలు ఉచితం. కోపర్నికస్ బ్రౌజర్‌లో సెంటినెల్-2 చిత్రాలు ఇంకా స్పష్టం, దాదాపు ఐదు రోజులకోసారి వస్తాయి. మామూలు రంగుల్లో మేఘమూ మంచూ ఒకేలా తెల్లగా ఉంటాయి. షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ ఎంచుకుంటే తేడా తెలుస్తుంది. గత రెండేళ్ల ఇదే తేదీ బొమ్మలు పక్కన పెట్టి చూడండి. లోతు మాత్రం బొమ్మలో కనబడదు, దానికి అక్కడి గైడ్‌కు ఫోన్ చేయాల్సిందే.

ఇంకోటి. జాయినింగ్ తేదీ మెయిల్‌లో వచ్చేదాకా టికెట్లు కొనకండి. వచ్చాక కూడా మధ్యలో కనీసం వారం ఖాళీ ఉంచండి. రేపే రైలు అనుకుంటూ నడిచేవాడికి 'వాపస్' అంటే చెవికెక్కదు. నాకూ ఆ రోజు గైడ్‌తో వాదించాలనే అనిపించింది.

ఉద్యోగంలో చేరాక మళ్లీ వెళ్లా, ఈసారి జూన్ నెలాఖరుకు. ముందు బొమ్మలు చూసుకుని, తర్వాతే మేనేజర్‌ని సెలవడిగా. కనుమ మీద అప్పటికీ మంచుంది. కానీ మాకంటే ముందు వెళ్లినవాళ్ల అడుగులు దారి కట్టి ఉన్నాయి.