ఆవుకు వేసే సూదే.. అడవి జింకకూ!

కే.వి.కుప్పం: ఇంటి ఆవు ఎదకొచ్చిందంటే మనవాళ్లు ముందుగా చేసే పని పశువుల ఆస్పత్రికి కబురు పెట్టడం. డాక్టరు వస్తారు. పొగలు చిమ్మే క్యాను తెరిచి సన్నటి గొట్టం ఒకటి బయటికి తీస్తారు. గోరువెచ్చని నీళ్లలో ముంచి సూది వేసి వెళ్లిపోతారు. తమిళంలో ‘సినై ఊసి’, మన ఇళ్లలో ‘ఎద సూది’. ఎద్దు మొహం చూడకుండానే ఆవు చూలు కడుతుంది. కే.వి.కుప్పం, గుడియాత్తం పల్లెల్లో ఇదేమీ వింత కాదు. ఇదే పని అడవి జంతువుకు చేయాలంటే మాత్రం శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కష్టపడాల్సి వచ్చింది. అందులో హైదరాబాద్‌ది పెద్ద చేయి.

హైదరాబాద్‌లో పుట్టిన ‘స్పాటీ’
హైదరాబాద్‌లోని సీసీఎంబీకి అనుబంధంగా అత్తాపూర్‌లో ‘లాకోన్స్’ అనే ప్రయోగశాల ఉంది. అంతరించిపోతున్న జీవజాతులను కాపాడటమే దాని పని. డాక్టర్ లాల్జీ సింగ్ చొరవతో 1998లో ఈ ప్రాజెక్టు మొదలైంది. 2007 ఫిబ్రవరిలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీన్ని జాతికి అంకితం చేశారు. అంతకు ఏడాది ముందే, 2006లో, కృత్రిమ గర్భధారణతో ఇక్కడి శాస్త్రవేత్తలు చుక్కల జింక పిల్లను పుట్టించారు. దాని పేరు స్పాటీ. తర్వాత కృష్ణ జింకలోనూ ఫలితం సాధించారు. నేడు చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణ జింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కావడం విశేషం.

ఎందుకంత కష్టం?
ఎద్దును కట్టేయవచ్చు. పులిని కట్టేయగలమా? మత్తు ఇచ్చి, స్వల్ప విద్యుత్ ప్రేరణతో వీర్యం సేకరించాలి. ఆడ జింక ఎప్పుడు ఎదకొస్తుందో పైకి తెలియదు. అందుకే హార్మోన్లు ఇచ్చి ఎదకు తేవాలి. మగ జింక వీర్యం నాణ్యత కూడా కాలాన్ని బట్టి మారుతుంది.

వీర్యాన్ని అలాగే గడ్డ కట్టిస్తే లోపలి నీరు మంచు పలుకులై కణాలను చీల్చేస్తుంది. దీనికి విరుగుడు 1949లో ఇంగ్లండ్‌లో దొరికింది. అదే గ్లిజరిన్. దానికి కోడిగుడ్డు సొన లాంటివి జోడించి మెల్లగా చల్లబరుస్తారు. చివరికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దించుతారు. నత్రజని తగ్గకుండా చూసుకుంటే దశాబ్దాలైనా చెడదు. అయితే ఒక జంతువుకు కుదిరిన పాళ్లు మరో జంతువుకు కుదరవు. ఏ జాతి పాళ్లు ఆ జాతికే.

చీతాకు అందని అదృష్టం
మన దేశంలో చివరి చీతాలు 1947 ప్రాంతంలో కొరియా సంస్థానంలో తుపాకీకి బలయ్యాయి. గ్లిజరిన్ కిటుకు బయటపడింది ఆ తర్వాతే. 1952లో చీతా అంతరించినట్లు ప్రకటించారు. 2022లో ఆఫ్రికా నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఉత్తరాది తెల్ల ఖడ్గమృగంలో చివరి మగది ‘సుడాన్’ 2018లో కెన్యాలో చనిపోయింది. దాంతో ఆ జాతిలో రెండు ఆడవే మిగిలాయి. అయితే ముందే దాచిన మగ ఖడ్గమృగాల వీర్యంతో శాస్త్రవేత్తలు పిండాలు తయారు చేశారు. దాచిపెట్టుకోవడానికీ, పెట్టుకోకపోవడానికీ ఉన్న తేడా ఇదే. 2018లో లాకోన్స్‌లో జాతీయ వన్యప్రాణి జన్యు వనరుల బ్యాంకు ప్రారంభమైంది.

మరి మన ఏనుగుల మాటేమిటి?
గుడియాత్తం మీదుగా పారే కౌండిన్య నది పలమనేరు వైపు నుంచి వస్తుంది. ఆ అడవిలోని ఏనుగులకు సరిహద్దు గీత తెలియదు. ఈ రాత్రి చిత్తూరు జిల్లాలో మామిడి తోట తొక్కితే, ఇంకో రాత్రి మన అరటి తోటలో దిగుతాయి. రైతు గుండె చెరువు. కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చస్తున్నాయి.

ఆఫ్రికా అడవి ఏనుగు నుంచి తీసి గడ్డకట్టించిన వీర్యంతో 2013లో వియన్నా జూలో పిల్ల పుట్టింది. ఆసియా ఏనుగు వీర్యం మాత్రం అంత చలికి సులువుగా తట్టుకోదు. కుదిరినా, పుట్టిన గున్న ఎక్కడ తిరగాలి? అడవీ, దారీ మిగలకపోతే క్యానులో దాచింది క్యానులోనే ఉండిపోతుంది. విత్తనం దాచడం ల్యాబు పని. చేను దాచడం మాత్రం సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న మనందరి పని.