సర్టిఫైడ్ కాపీ

1975లో తిరుపతిలో జరిగిన ఓ పెళ్లికి అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు విడాకులిచ్చింది. 1991లో మన సుప్రీంకోర్టు ఆ డిక్రీ చెల్లదంది. అసలు కారణం ఆ కోర్టుకు అధికార పరిధి లేకపోవడం. డిక్రీ కాపీ గురించీ ఒక మాట చెప్పింది: జిరాక్స్ అయినంత మాత్రాన తోసిపుచ్చనక్కర్లేదు, చట్టప్రకారం ధ్రువీకరణ ఉండాలి.

కోర్టు ధ్రువీకరించి ముద్ర వేసి ఇచ్చేదే సర్టిఫైడ్ కాపీ. మిస్సోరీలో దాన్ని సర్క్యూట్ క్లర్క్ ఇస్తారు. ముందు అక్కడి కోర్టుల కేస్‌నెట్ వెబ్‌సైట్లో పేరు కొట్టి కేసు నంబరు పట్టుకోవాలి. అక్కడ విడాకులను ‘డిసొల్యూషన్’ అంటారు. ఇంకో తిరకాసు: సెయింట్ లూయిస్ నగరం అదే పేరున్న కౌంటీలోది కాదు. 1876లోనే ఆ రెండూ విడాకులు తీసుకున్నాయి! నగరం కోర్టు వేరు, క్లేటన్‌లోని కౌంటీ కోర్టు వేరు.