దత్తతలో జత కుదిర్చేది కంప్యూటర్... మరి బిడ్డను చేరువ చేసేది?

ఫోన్‌కు ఒక సందేశం వస్తుంది. పోర్టల్ తెరిస్తే ఒక బిడ్డ ఫొటో కనిపిస్తుంది. దాంతోపాటు రెండు నివేదికలు ఉంటాయి. ఒకటి ఆ బిడ్డ ఇప్పటివరకు ఎలా పెరిగిందో చెబుతుంది, రెండోది వైద్య పరీక్షల ఫలితాలు చెబుతుంది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన దంపతులకు అక్కడి నుంచి 48 గంటల గడువు. ఆలోగా ఆ బిడ్డను రిజర్వ్ చేసుకోవాలి. లేదంటే ఆ అవకాశం వరసలో తర్వాత ఉన్నవారికి వెళ్లిపోతుంది.

మన దేశంలో బాలల న్యాయ చట్టం కింద జరిగే దత్తత ఇలాగే మొదలవుతుంది. దీన్ని నడిపేది కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే 'కారా'. దాని పోర్టల్ పేరు 'కేరింగ్స్'. 2024-25లో ఈ పద్ధతిలో 4,515 మంది పిల్లలు కుటుంబాలకు చేరారు. వారిలో 4,155 మంది దేశంలోని ఇళ్లకే వెళ్లారు.

ఎవరి ఇంటికి ఏ బిడ్డ అన్నది వరస తేలుస్తుంది. కానీ అప్పటివరకు ఒకరి ముఖం ఒకరు చూడని వాళ్లు అమ్మానాన్నా, బిడ్డా అయ్యేది ఎలా? ఆ మధ్యలో వచ్చే కొద్ది రోజుల గురించి శాస్త్రవేత్తలు డెబ్భై ఏళ్లుగా చాలా తెలుసుకున్నారు. మనం ఎక్కువగా మాట్లాడుకోనిది ఆ రోజుల గురించే.

వరస ఎలా నడుస్తుంది?

ముందు దంపతులు, లేదా ఒంటరిగా దత్తత కోరేవారు, పోర్టల్‌లో నమోదు చేసుకుంటారు. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి కుటుంబ పరిస్థితులపై నివేదిక రాస్తారు. కోరుకునే బిడ్డ వయసు, ఏ రాష్ట్రం నుంచి అన్నవి ఎంచుకోవచ్చు. ఆ తర్వాత నమోదు తేదీ ప్రకారం వరస కదులుతుంది. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం ఎదురుచూపు మూడేళ్లు దాటుతోంది.

అటువైపు బిడ్డకూ ఒక ప్రక్రియ ఉంటుంది. కన్నవారే అప్పగించిన బిడ్డ అయితే, మనసు మార్చుకోవడానికి వారికి 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఎవరో వదిలేసిన బిడ్డ అయితే కన్నవారి కోసం వెతకాలి. రెండేళ్ల లోపు వయసుంటే రెండు నెలల్లో, దాటితే నాలుగు నెలల్లో బాలల సంక్షేమ కమిటీ తేల్చి, దత్తతకు అర్హత ఉందని ప్రకటించాలి. అప్పటిదాకా బిడ్డ పెరిగేది దత్తత సంస్థలో, మన తెలుగు రాష్ట్రాల్లో అయితే శిశుగృహలో. అక్కడ ఎత్తుకునేది, అన్నం పెట్టేది, నిద్రపుచ్చేది ఆయమ్మ.

జత కుదర్చడం అనగానే గణితం తెలిసినవారికి గుర్తొచ్చేది 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ రాసిన పరిశోధనా పత్రం. రెండు జట్లలో ప్రతి ఒక్కరూ అవతలి జట్టువారిని ఇష్టం కొద్దీ వరసలో పెట్టి ఇస్తే, ఏ ఇద్దరూ తమ జోడీలను వదిలి ఒకరితో ఒకరు కలవాలని పరస్పరం కోరుకోని అమరిక ఒకటి తప్పక దొరుకుతుందని వారు నిరూపించారు. ఈ లెక్కను అమెరికాలో యువ డాక్టర్ల నియామకాలకు, కిడ్నీ మార్పిడికి పనికొచ్చేలా మలిచిన ఆల్విన్ రాత్, షాప్లీతో కలిసి 2012లో ఆర్థిక శాస్త్ర నోబెల్ అందుకున్నారు.

కానీ ఆ లెక్కకు రెండు వైపుల నుంచీ జాబితా కావాలి. ఎనిమిది నెలల బిడ్డ జాబితా ఇవ్వలేదు కదా! అందుకే మన దగ్గర నడిచేది అసలు అర్థంలో జత కుదర్చడం కాదు, ఒక క్యూ. దాని లాభం దానికుంది. పలుకుబడి ఉన్నవారు ముందుకు దూరకుండా అది అడ్డుపడుతుంది. అయితే క్యూ చూసేది పెద్దవాళ్ల మధ్య న్యాయం. ఈ ఇల్లు ఈ బిడ్డకు సరిపోతుందా అన్న ప్రశ్న దత్తత సంస్థలోని కమిటీకి మిగులుతుంది.

అమెరికాలో ఈ ప్రశ్నకు కంప్యూటర్‌తోనే జవాబు చెప్పించాలని చూశారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆపరేషన్స్ రీసెర్చ్ నిపుణులు దత్తత అధికారులతో కలిసి పనిచేసి, కుటుంబాలను ఏ ప్రశ్నలు ఎలా అడగాలి, వచ్చిన జవాబులకు మార్కులు ఎలా వేయాలి అన్నది మెరుగుపరిచారు. 2016లో ఆ వివరాలు ప్రచురించారు. అక్కడ కంప్యూటర్ పేర్లు సూచిస్తుంది, నిర్ణయం మనుషులదే. మరోచోట, పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ల తరహాలో అనుబంధాన్ని ముందే అంచనా వేస్తామంటూ వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్‌ను వర్జీనియా, జార్జియా రాష్ట్రాలు వాడి చూసి, ఆశించినన్ని దత్తతలు కుదరక పక్కన పెట్టాయి. కలవకముందు నింపిన ఫారాలు, కలిశాక పుట్టే బంధం గురించి చెప్పగలిగేది తక్కువ.

తొలి స్థితి సున్నా కాదు

ఫిజిక్స్ తరగతిలో నాకు బాగా గుర్తుండిపోయిన పాఠం ఒకటుంది. సమీకరణం సరిగ్గా రాసినా, వస్తువు మొదట ఏ స్థితిలో ఉందో తప్పుగా తీసుకుంటే సమాధానం తప్పుతుంది. దత్తతలో మనం తరచూ చేసే పొరపాటు ఇదే. బిడ్డ జీవితం కొత్త ఇంటి గడప దగ్గర మొదలవుతుందని అనుకుంటాం. కానీ పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ అమ్మ గొంతును గుర్తుపట్టి, మిగతా గొంతుల కంటే దాన్నే వినడానికి ఇష్టపడుతుందని 1980లోనే ప్రయోగంలో తేలింది. ఏడెనిమిది నెలలు వచ్చేసరికి తెలిసినవారెవరో, కొత్తవారెవరో బిడ్డకు స్పష్టంగా తెలుస్తుంది. కాబట్టి ఏడాది వయసున్న బిడ్డను శిశుగృహ నుంచి తీసుకురావడం అంటే, తనకు తెలిసిన ప్రపంచం మొత్తం నుంచి తీసుకురావడమే.

అలా ఒక్కసారిగా మారిస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో జేమ్స్, జాయిస్ రాబర్ట్‌సన్ దంపతులు కెమెరాలో బంధించారు. తల్లి కాన్పుకు వెళ్లగా, జాన్ అనే 17 నెలల బాబు తొమ్మిది రోజులు ఒక శిశు సంరక్షణాలయంలో ఉన్నాడు. అక్కడి నర్సులు మంచివారే, కానీ షిఫ్టులు మారుతూ ఉండేవారు. మొదట ఎవరో ఒకరి దగ్గరకు చేరాలని చూశాడు. తర్వాత ఏడ్చాడు, తిండి మానేశాడు. చివరికి తల్లి వచ్చి ఎత్తుకుంటే ఆమె నుంచే మొహం తిప్పుకున్నాడు.

ఆ దంపతులు అక్కడితో ఆగలేదు. అలాంటి పరిస్థితిలోనే ఉన్న మరో నలుగురు చిన్న పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. ఈసారి ముందే పరిచయాలు జరిగాయి. పిల్లలు ఏం తింటారు, ఎలా నిద్రపోతారు, దేనికి భయపడతారు అన్నవి జాయిస్ తెలుసుకున్నారు. ఇంటి నుంచి వాళ్ల సొంత వస్తువులు తెచ్చి పెట్టుకున్నారు. అమ్మ గురించి మాట్లాడుతూ ఉన్నారు. ఆ నలుగురికీ బెంగ కలిగింది కానీ, జాన్‌లా ఎవరూ కుప్పకూలలేదు. నలుగురితో చేసిన పరిశీలన కనుక దాన్ని గట్టి రుజువు అనలేం. కానీ పిల్లల బంధాలపై జాన్ బౌల్బీ మొదలుపెట్టిన పరిశోధనకు అది బలమిచ్చింది. చిన్నపిల్లల పరిచయాలను ప్రణాళిక వేసి చేయాలన్న ఆలోచనకూ దారి చూపింది.

ఆలస్యం కూడా హానే

'అయితే నెమ్మదిగా, నెలల తరబడి చేద్దాం' అంటే అదీ కుదరదు. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనం ఆ సంగతి చెబుతుంది. అనాథాశ్రమాల్లో ఉన్న 6 నుంచి 31 నెలల వయసు పిల్లలు 136 మందిని ఎంపిక చేసి, లాటరీ పద్ధతిలో సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచారు. కుటుంబాలకు వెళ్లిన పిల్లల తెలివితేటలు, అనుబంధాలు మెరుగుపడ్డాయి. దాదాపు రెండేళ్ల లోపు వెళ్లినవారిలో, ముఖ్యంగా అనుబంధం విషయంలో, ఆ మార్పు మరింత బాగా కనిపించింది.

ఈ రెండు పాఠాలూ ఒకదానికొకటి అడ్డు రావు. ఫైళ్లు త్వరగా కదలాలి. బిడ్డ చేతులు మారడం మాత్రం నిదానంగా జరగాలి. నెలలు పోయేది ప్రకటనల్లో, సంతకాల్లో, వరసలో. పరిచయానికి కావలసింది కొన్ని రోజులే. కానీ ఆలస్యమైందన్న తొందరలో మనం కోత పెట్టేది ఆ కొన్ని రోజుల్లోనే.

ఆ కొన్ని రోజుల్లో ఏం చేయాలి?

బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ బీక్, ఎల్స్‌బెత్ నీల్, గిలియన్ స్కోఫీల్డ్ ఇందుకు ఒక నమూనా తయారుచేశారు. అందులో మూడు దశలు ఉంటాయి. ముందు ఒకరికొకరు అలవాటు పడటం, తర్వాత ఇల్లు మారడం, ఆ తర్వాత పాత బంధం తెగకుండా చూడటం. అక్కడి పిల్లలు పెంపుడు కుటుంబాల్లో ఉంటారు, మన దగ్గర ఎక్కువమంది సంస్థల్లో ఉంటారు. అయినా అందులోని ఆలోచన ఇక్కడా పనికొస్తుంది.

మన నిబంధనల ప్రకారం, రిజర్వ్ చేశాక 30 రోజుల్లో జత ఖరారు కావాలి. దంపతులు అంగీకరించి సంతకం చేశాక పది రోజుల్లో బిడ్డను తాత్కాలిక పోషణ కింద ఇంటికి పంపవచ్చు. విజయవాడ దంపతులకు భువనేశ్వర్‌లో ఏడాదిన్నర పాప కుదిరిందనుకుందాం. వెళ్లకముందే తమ ఫొటోలు, గొంతు రికార్డు చేసిన పాట ఒకటి పంపవచ్చు. ఆయమ్మ రోజూ వాటిని చూపించి, వినిపించి 'అమ్మ, నాన్న' అని చెబుతుంది. మొదటి రోజు దంపతులు పాపను ఎత్తుకోవాల్సిన పని లేదు. ఆయమ్మ పక్కన కూర్చుని, ఆమె అన్నం ఎలా కలుపుతుందో, ఏ పాట పాడుతుందో చూస్తే చాలు. రెండో రోజు ఆయమ్మ పక్కనుండగా అమ్మ తినిపిస్తుంది. మూడో రోజు స్నానం, ఆపై మధ్యాహ్నం నిద్ర. బయలుదేరేటప్పుడు పాప కప్పుకునే దుప్పటిని ఉతక్కుండా వెంట తెచ్చుకోవాలి. అందులో తనకు తెలిసిన వాసన ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆయమ్మ అనుమతి. 'వెళ్లు తల్లీ, మంచి ఇల్లు' అని నవ్వుతూ అప్పగించే ముఖాన్ని పాప చూడాలి. ఇంటికి చేరాక వారానికో రెండు వారాలకో వీడియో కాల్‌లో ఆమె కనిపిస్తే, తను మాయమైపోలేదని పాపకు తెలుస్తుంది. పాతవాళ్లను చూపిస్తే బెంగ పెరుగుతుందని మనవాళ్లు భయపడతారు. కానీ బెంగను ఏడ్చి తీర్చుకునే అవకాశం లేకపోతే అది లోపలే ఉండిపోతుందన్నది ఈ రంగంలో పనిచేసేవారి అనుభవం.

ఏడుపును ఎలా చదవాలి?

ఇక్కడే చాలామంది పొరబడతారు. 'చూసీ చూడగానే ఒళ్లోకి వచ్చేసింది, ఏడవనే లేదు' అని మురిసిపోతారు. రొమేనియా నుంచి బ్రిటన్‌కు దత్తత వచ్చిన పిల్లలను మైకేల్ రట్టర్ బృందం పెద్దయ్యేదాకా గమనించింది. సంస్థల్లో ఆరు నెలలకు మించి గడిపినవారిలో కొందరు ఏ కొత్త వ్యక్తి దగ్గరకైనా సంకోచం లేకుండా వెళ్లిపోయేవారు. అది ప్రేమకు గుర్తు కాదు. తనకంటూ ఒక మనిషి ఉండటం ఇంకా అలవాటు కాలేదనడానికి గుర్తు. కొత్త ఇంట్లో ఆయమ్మ కోసం రాత్రంతా ఏడ్చే పాపకు, ఒకరితో గట్టిగా ముడిపడటం ఇప్పటికే తెలుసు. ఆ ముడి మళ్లీ వేయగలదు. ఆ ఏడుపును తిరస్కారంగా తీసుకుని కుంగిపోయే తల్లికి ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉండాలి.

పిల్లలు పెద్దవాళ్లయ్యే కొద్దీ ఈ తయారీ మరింత అవసరం. ఇంగ్లండ్‌లో 12 ఏళ్ల లెక్కలు తీస్తే, చట్టబద్ధంగా పూర్తయిన దత్తతల్లో వంద‌కు మూడు మాత్రమే తెగిపోయాయి. నాలుగేళ్లు దాటాక ఇంటికి చేరినవారిలో ఆ ముప్పు ఎక్కువ. ఆరేళ్ల పిల్లకు తన భాష, స్నేహితులు, ఇష్టాయిష్టాలు అన్నీ ఉంటాయి. రాష్ట్రం మారితే భాషా మారుతుంది. పారిస్‌లో 2003లో జరిగిన పరిశోధనలో, మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కొరియా నుంచి దత్తత వచ్చినవారు పెద్దయ్యాక కొరియన్ వాక్యాలను గుర్తుపట్టలేకపోయారు. భాష మరుగున పడటం అంత పూర్తిగా జరగగలదు. అయితే 2014లో మాంట్రియల్‌లో పరీక్షించిన, పసితనంలోనే చైనా నుంచి వచ్చిన అమ్మాయిల్లో, ఒక్క చైనీస్ మాట రాకపోయినా ఆ భాష స్వరాలకు మెదడు చైనీస్ మాట్లాడేవారి మెదడులాగే స్పందించింది. బిడ్డ భాషలో 'ఆకలి', 'నొప్పి', 'భయం', 'అమ్మ ఇక్కడే ఉంది' అనే మాటలను వెళ్లకముందే నేర్చుకోవడం ఏ తల్లిదండ్రులకైనా పెద్ద పనేం కాదు.

ఇంటికి చేరాక రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి సామాజిక కార్యకర్త వచ్చి చూసి వెళతారు. ఆ సందర్శనలను తనిఖీ అనుకోకుండా, మొదటి నెలల్లో కలిగే సందేహాలు అడిగే అవకాశంగా వాడుకోవాలి.

మన దత్తత నిబంధనల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక అంశం ఉంది. బిడ్డను అప్పగించేటప్పుడు సంస్థ ఒక జ్ఞాపకాల ఆల్బమ్ ఇవ్వాలి. అందులో ఫొటోలు, అప్పటిదాకా గడిచిన జీవితం, బిడ్డకు ఇష్టమైనవి ఉండాలి. బిడ్డను తెచ్చుకోవడానికి వెళ్లేవారు కాగితాల జాబితాలో దీన్ని కూడా రాసుకోవాలి. వీలైతే అందులో ఆయమ్మతో దిగిన ఫొటో ఒకటి అడిగి పెట్టించుకోవాలి.