వేడుకకు ముందు ఒక కాగితం

వార్షికోత్సవం, విహారయాత్ర అనగానే మనకు చందాలు, పాటలు, భోజనాలే గుర్తొస్తాయి. ఏ ప్రమాదం జరగవచ్చో ముందుగా కూర్చుని రాసుకోవడం గుర్తు రాదు. దీనినే రిస్క్ అసెస్‌మెంట్ అంటారు.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్ విహారయాత్రలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువనున్న లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీరు వదలడమే కారణం. ఇలాంటి ప్రమాదం కంటికి కనబడదు, అడిగి తెలుసుకోవాలి.

మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్‌కు వెళ్లినా, పుంగనూరు, కుప్పం మిత్రులు కైగల్ జలపాతానికి వెళ్లినా నాలుగు గడుల కాగితం చాలు: ప్రమాదం ఏమిటి? ఎవరికి? ఎలా నివారించాలి? ఎవరి బాధ్యత?

ఉదాహరణకు జలపాతం: పైన వాన పడితే వాగు పెరుగుతుంది, నీళ్లలో ఉన్నవారికి, స్థానికులను అడగాలి, వాన సూచన ఉంటే దిగకూడదు, ఫలానా విద్యార్థి. హాస్టల్ స్టేజీ: తడి నేలపై మైకు వైరు, పాడేవారికి, ఎలక్ట్రీషియన్ చూశాకే స్విచ్ వేయాలి, ఫలానా విద్యార్థి.

నాలుగో గడిలో పేరు లేకపోతే మిగతా మూడూ దండగే. అందరి పని అంటే ఎవరూ చేయరు. ఆ పేరుగల విద్యార్థి "వద్దు" అంటే, జూనియరైనా సరే, సీనియర్లు ఆగాలి. మిత్రులారా, 108కి ఫోన్ చేసే అవసరం రాకుండా చూసుకుందాం. మన చదువుపై ఆశ పెట్టుకున్న తల్లిదండ్రులు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నారు.