సింహం లేచాకే రైలు

గుజరాత్‌లోని సాసన్ గిర్ స్టేషన్ చూడటానికి మామూలు పల్లె స్టేషనే. జునాగఢ్ నవాబుల సంస్థానం వేసిన మీటర్ గేజ్ రైల్వేకు ఇది మిగిలిన గుర్తు. విసావదర్ నుంచి తాలాలా దాకా 42 కిలోమీటర్లు. దారి గిర్ అడవి గుండానే. పట్టాల మీద సింహం కనిపిస్తే డ్రైవర్ బండి ఆపాల్సిందే. మృగరాజు లేచి వెళ్లేదాకా ప్రయాణికులు ఎంత తొందరపడినా లాభం లేదు.

ఈ నత్తనడకపై స్థానికులకు కినుక లేకపోలేదు. దేశమంతా బ్రాడ్ గేజ్ వేసి తమనెందుకు వదిలేశారన్నది వారి ప్రశ్న. ఆస్పత్రికో, కాలేజీకో జునాగఢ్ వెళ్లాల్సినవారికి వారసత్వంతో పనేముంది?

కానీ పొరుగున అమ్రేలి జిల్లాలో జరుగుతున్నదీ చూడాలి. పిపావావ్ రేవుకు వెళ్లే బ్రాడ్ గేజ్ మార్గంలో గూడ్సు బండ్ల కింద పడి సింహాలు చనిపోయాయి, ఒకసారి కాదు. 2024లో గుజరాత్ హైకోర్టు ఈ విషయంలో రైల్వేను, అటవీశాఖను గట్టిగా నిలదీసింది. పైగా 2015లో 523 ఉన్న సింహాలు 2025 లెక్కల్లో 891కి పెరిగాయి. సగానికి మించి గిర్ అభయారణ్యం వెలుపలే తిరుగుతున్నాయి. అంటే పట్టాలు దాటే సింహాలూ పెరుగుతాయన్నమాట.

విసావదర్-తాలాలా మార్గాన్ని మీటర్ గేజ్‌గానే కాపాడాలని రైల్వే 2018లో నిర్ణయించింది. మంచిదే. అయితే సఫారీకి వచ్చేవారిలో చాలామందికి కార్లున్నాయి. ఈ బండి అవసరం చుట్టుపక్కల పల్లెవాసులదే. వేగం ఎలాగూ ఇవ్వలేనప్పుడు వేళకు నడిచే బండ్లయినా వారికి ఇవ్వాలి.