నాడీకణాలకు ఎంజైముల ముప్పు – హంటింగ్టన్ వ్యాధి

ఎంజైములంటే ఆహారం జీర్ణం చేసేవని చిన్న తరగతుల్లో చదువుకుంటాం. నిజానికి అవి ప్రతి కణంలోనూ ఉంటాయి. వాటిలో కాస్పేస్‌లు అనే ఎంజైములు ప్రొటీన్లను నిర్ణీత స్థానాల్లో కత్తిరిస్తాయి. చెడిపోయిన కణాలను పద్ధతిగా తొలగించడానికి ఇవి అవసరం. అయితే ఇవే ఎంజైములు కొన్ని వంశపారంపర్య వ్యాధుల్లో బతకవలసిన నాడీకణాలకు ముప్పు తెస్తాయి. హంటింగ్టన్ వ్యాధి ఇందుకు ఉదాహరణ.

ఈ వ్యాధిని 1872లో అమెరికా వైద్యుడు జార్జ్ హంటింగ్టన్ వివరించాడు. సాధారణంగా 30-50 ఏళ్ల మధ్య మొదలవుతుంది. కాళ్లూచేతులు అదుపు లేకుండా కదలడం, ఆలోచన మందగించడం, దిగులు, చిరాకు దీని లక్షణాలు.

కారణమైన జన్యువును 1993లో గుర్తించారు. అందులో సీ-ఏ-జీ అనే మూడక్షరాల సంకేతం వరుసగా పునరావృతమవుతుంది. 26 సార్ల వరకు ఉంటే మామూలే. 40 గాని అంతకుమించి గాని ఉంటే సాధారణ ఆయుర్దాయంలో వ్యాధి తప్పదు. ప్రతి సంకేతానికీ ఒక గ్లుటమిన్ చేరుతుంది గనుక, తయారయ్యే హంటింగ్టిన్ ప్రొటీన్‌లో గ్లుటమిన్ వరుస బాగా పొడవవుతుంది.

ఈ ప్రొటీన్‌ను కాస్పేస్-6 వంటి ఎంజైములు కత్తిరించినప్పుడు విషపూరితమైన ముక్కలు ఏర్పడతాయి. అవి కణకేంద్రకంలో చేరి ఇతర జన్యువుల పనిని దెబ్బతీస్తాయి. ఒత్తిడికి లోనైన కణంలో మరిన్ని కాస్పేస్‌లు మేల్కొంటాయి. చనిపోయిన నాడీకణాల స్థానం తిరిగి భర్తీ కాదు.

2006లో కెనడాలోని వాంకూవర్‌లో మైఖేల్ హేడెన్ బృందం, కాస్పేస్-6 కత్తిరించే 586వ స్థానాన్ని ఎలుకల్లో మార్చి చూసింది. వాటి నాడీకణాలకు రక్షణ లభించింది. అయితే ఈ ఎంజైము అసలే లేని ఎలుకల్లోనూ అలాంటి ముక్కలు కనిపించాయని తరువాతి ప్రయోగాలు తేల్చాయి. ఒక ఎంజైమును ఆపితే మరొకటి ఆ పని చేయగలదన్నమాట. అందుకే ప్రొటీన్ తయారీనే తగ్గించే మార్గాలపైనా పరిశోధనలు సాగుతున్నాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇది అంటువ్యాధి కాదు, శాపమూ కాదు. తల్లికో తండ్రికో ఈ జన్యులోపం ఉంటే, ఆడామగా తేడా లేకుండా ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. కోడలినో అల్లుడినో నిందించడం తగదు. రక్తపరీక్ష ఉన్నది గాని, ముందుగా జన్యు సలహాదారుతో మాట్లాడాలి. లక్షణాలు లేని పిల్లలకు ఈ పరీక్ష చేయించరాదు. పెద్దయ్యాక తెలుసుకోవాలా వద్దా అన్నది వారి నిర్ణయం.

విద్యార్థులారా! జీవరసాయన శాస్త్రం, జన్యుశాస్త్రం చదివేవారికి ఇక్కడ చేయవలసిన పని ఇంకా ఎంతో ఉన్నది.