పేరులో పాదం, ఆకులో చీలిక

మొక్కల ఆకులను జంతువుల పాదాలతో పోల్చి పేర్లు పెట్టడం చాలా భాషల్లో కనిపిస్తుంది. సముద్రతీరపు ఇసుకలో పాకే ‘ఐపోమియా పెస్-కాప్రే’ ఆకు కొన దగ్గర రెండుగా చీలి మేక గిట్టలా ఉంటుంది. లాటిన్‌లో ఆ పేరుకు అర్థం మేక పాదం. అదే ప్రజాతికి చెందిన ‘ఐపోమియా పెస్-టైగ్రిడిస్’ ఆకు పులి పంజాను గుర్తుకు తెస్తుంది. ఈ రెండు పాదాల పేర్లూ 1753లో కార్ల్ లిన్నేయస్ పెట్టినవే. నేలకు అంటుకుని గుండ్రంగా ఆకులు పరిచే ‘ఎలిఫెంటోపస్’కు గ్రీకు మూలాల ప్రకారం ఏనుగు పాదం అని అర్థం. తమిళులు కూడా దాన్ని ‘ఆనైచ్చువడి’ అంటారు, అంటే ఏనుగు అడుగుజాడ.

ఇలాంటి పోలిక పేరును గుర్తుంచుకోవడానికి బాగా పనికొస్తుంది. మొక్కను కచ్చితంగా గుర్తుపట్టడానికి మాత్రం అది ఒక్కటే చాలదు. ‘హంసపాది’ ఇందుకు మంచి ఉదాహరణ. భారత ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం హంసపాది అంటే ‘ఆడియాంటమ్ లూనులేటమ్’ అనే ఫెర్న్. తెలుగునాట ఇదే పేరుతో పిలిచే మరో మొక్క ఉంది. అది ఎండిన చెరువుల్లో, కోత అయిపోయిన పొలాల్లో నేలబారుగా పెరిగే ‘కోల్డేనియా ప్రోకంబెన్స్’. మందు కోసం ఒకదాన్ని కోరితే మరొకటి చేతికి రావచ్చు.

ఈ చిక్కును విడదీయడానికే వృక్షశాస్త్రం కొన్ని కచ్చితమైన పదాలను ఏర్పరచుకుంది. ఆ పదాలు ఆకు దేనిలా ఉందో చెప్పి ఊరుకోవు, ఎక్కడి నుంచి ఎలా చీలిందో చెబుతాయి.

పిచ్ఛాకారం (పిన్నేట్): పిచ్ఛం అంటే ఈక. మధ్య ఈనెకు రెండు వైపులా పత్రకాలు వరుసగా ఉంటాయి. వేప, చింత, కరివేపాకు ఈ రకానివి.

హస్తాకారం (పామేట్): అరచేతి నుంచి వేళ్లు విచ్చుకున్నట్లు అన్నీ ఒకే బిందువు నుంచి వస్తాయి. బూరుగలో పత్రకాలు పూర్తిగా విడివిడిగా ఉంటాయి. ఆముదంలో చీలిక కాడ దాకా రాదు కాబట్టి అది తమ్మెలున్న ఒకే ఆకు.

పాదాకారం (పెడేట్): చూడగానే హస్తాకారమే అనిపిస్తుంది, కానీ కాదు. కాడ చివర ముందుగా మూడు శాఖలు అవుతుంది. నడిమి శాఖకు ఒకే పత్రకం ఉంటుంది. పక్క శాఖలు మళ్లీ చీలి మరికొన్ని పత్రకాలను మోస్తాయి. ద్రాక్ష కుటుంబానికి చెందిన ‘కేరేషియా పెడేటా’ తీగ ఆకు ఇలాంటిదే. సంస్కృతంలో దాని పేరు గోధాపది, అంటే ఉడుము పాదం.

జంతుశాస్త్రంలోకి వెళ్తే ఇవే పదాల అర్థం మారుతుంది. పక్షుల్లో ‘పామేట్’ అన్నప్పుడు చూడవలసింది చీలికను కాదు, వేళ్లను కలిపే చర్మాన్ని. బాతుకు ముందున్న మూడు వేళ్ల మధ్య ఈ చర్మం ఉంటుంది. గూడబాతుకు నాలుగు వేళ్లూ కలిసి ఉంటాయి కాబట్టి దాని పాదాన్ని ‘టోటిపామేట్’ అంటారు. అందుకే పదం కనబడగానే అది ఏ శాస్త్రానికి చెందినదో కూడా చూసుకోవాలి.

ఇప్పుడు హంసపాది పేరున్న ఆ రెండు మొక్కలను పక్కపక్కన పెడితే తేడా సులభంగా తెలుస్తుంది. ఫెర్న్ ఆకు పిచ్ఛాకారం. నల్లగా మెరిసే సన్నని ఈనెకు అటూ ఇటూ అర్ధచంద్రాకారపు పత్రకాలు ఉంటాయి. హంస పాదంలా కనిపించేది ఆ ఒక్కొక్క పత్రకమే. దానికి పూలు పూయవు, పత్రకాల అంచుల అడుగున సిద్ధబీజాలు ఏర్పడతాయి. రెండోదాని ఆకు విడివిడి పత్రకాలు లేని చిన్న సరళపత్రం. ముడతలు పడి, అంచులు నొక్కులు నొక్కులుగా ఉంటుంది. అది చిన్న తెల్లని పూలు పూస్తుంది. రెండూ వృక్షరాజ్యంలో ఎంతో దూరపు శాఖలకు చెందినవి.

ఊరి పేరు మొక్కతో మనుషులకున్న పరిచయాన్ని చెబుతుంది. శాస్త్రపదం ఆ మొక్కను మరోదానితో పొరబడకుండా చూస్తుంది. మూలిక తెచ్చేవారికీ, మందు చేసేవారికీ, చివరికి దాన్ని మింగేవారికీ ఈ రెండూ అవసరమే.